జడ్డిగాన్ని క్యాడ్‌లో గీయడం ఎట్ల?

క్యాడ్ పాఠాలన్నీ ఒక బ్రాకెట్‌తో మొదలవుతాయి. ఎల్ ఆకారం, రెండు బోల్టు రంధ్రాలు, మూలలో ఒక ఫిల్లెట్. వీడియో చూస్తూ గీస్తే పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఆ బ్రాకెట్ ఏ మిషన్‌కి వేస్తారో, ఎవరికి కావాలో గీసినవాడికి తెలియదు. అందుకే ఈసారి మన జిల్లాల వస్తువునే తీసుకుంటున్నా: జడ్డిగం. రాసేవాడు సీఎస్ఈ, చదివింది ఇంగ్లీషు మీడియం. తెలుగులో ఎక్కడైనా కాలు జారితే సర్దుకోండి. క్యాడ్‌లో జారితే మాత్రం మెకానికల్ వాళ్ళు దయచేసి ఎడిటర్‌కి రాయండి.

పల్లె నుంచి వచ్చినోళ్ళకి చెప్పక్కర్లేదు, టౌన్ వాళ్ళ కోసం చెప్తున్నా. గొర్రు అంటే విత్తనం వేసే పనిముట్టు. దాని మీద నిలబెట్టే చెక్క గిన్నె జడ్డిగం. గిన్నె అడుగున ఎన్ని రంధ్రాలుంటే అన్ని సాళ్ళు. ఒక్కో రంధ్రం నుంచి ఒక్కో గొట్టం దిగి, గొర్రు పళ్ళ వెనకాల భూమిలోకి గింజ వదులుతుంది. వెనక నడిచే మనిషి, ఎక్కువగా ఆడవాళ్ళే, పిడికిట్లోంచి గింజలు సమంగా జార్చుకుంటూ పోవాలి. వాన పడినాక నేలలో పదును ఉండేది కొన్ని రోజులే. ఆ రోజుల్లో జడ్డిగం పగిలితే ట్రాక్టర్ గొర్రు కోసం వరసలో నిలబడాలి, వంతు వచ్చేలోపు పదును పోవచ్చు. పత్తికొండ దగ్గర మా రూమ్మేట్ వాళ్ళ చిన్నాయన జడ్డిగం అట్లనే నిలువునా చీలింది. ఊర్లో దాన్ని చెక్కే వడ్రంగి తాత ఒక్కడే మిగిలినాడు, ఆయనకు చూపు తగ్గింది. మంచి కొలతలతో కాగితం మీద గీసిస్తే చెక్కిస్తానన్నాడు. అదీ మా ప్రాజెక్టు. మార్కులు లేవు, గడువు మాత్రం ఉంది.

సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్. డబ్బు కట్టక్కర్లేదు, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఇక్కడ చెప్పేవి చాలావరకు వేరే సాఫ్ట్‌వేర్లకూ పనికొస్తాయి, బటన్ల పేర్లే వేరు.

మొదటి చిట్కా సాఫ్ట్‌వేర్ తెరవకముందుది. చేత్తో చెక్కిన వస్తువు ఎప్పుడూ పూర్తి గుండ్రంగా ఉండదు. వ్యాసాన్ని స్కేలుతో ఒకచోట కొలిస్తే ఒక లెక్క, ఇంకోచోట కొలిస్తే ఇంకో లెక్క. అందుకని దారం చుట్టండి. పాత జడ్డిగం అంచు చుట్టూ దారం 691 మి.మీ. వచ్చింది, దాన్ని 3.1416తో భాగిస్తే 220. అంచు ఎత్తుపల్లాలన్నీ దారమే సగటు చేసిపెట్టింది. లోతుకు, అడుగు మందానికి వెర్నియర్ చాలు. లోపలి లోతు 90, అడుగు చెక్క మందం 40, అంచు దగ్గర గోడ మందం 15. చీలిక పడిన చోట మాత్రం ఏ కొలతా తీసుకోకండి, అక్కడ చెక్క తెరుచుకుని ఉంటుంది.

రెండోది, ఆ వస్తువు చేసేవాళ్ళని అడగండి. తాతతో మాట్లాడకుండా గీసి ఉంటే రంధ్రాలు నేరుగా, ఒకే వ్యాసంతో ఉండేవి. ఆయన ఫోన్‌లోనే చెప్పినాడు: "కంత పైన సన్నంగా, కింద వెడల్పుగా ఉండాల నాయనా. గొట్టం కిందనుంచి తోస్తే బిగుసుకుంటాది. సమానంగా తొలిస్తే రెండు సాళ్ళకే ఊడొస్తాది." మన టెక్స్ట్‌బుక్‌లో దీన్ని టేపర్ ఫిట్ అంటారు. ఆయన దాన్ని ఏ పేరూ లేకుండానే వాడుతున్నాడు. మేం కొన్న మెత్తటి ప్లాస్టిక్ పైపు బయటి వ్యాసం 32. అందుకని రంధ్రం కింద 33, పైన 31 పెట్టినాం.

ఇప్పుడు స్కెచ్. గిన్నెలాంటి గుండ్రటి వస్తువుకు సగం ముక్కే గీయాలి: నిలువుగా కోస్తే కనపడే సగం. దాన్ని మధ్య ఇరుసు చుట్టూ 360 డిగ్రీలు తిప్పితే గిన్నె వస్తుంది. ఈ పని చేసే రివాల్వ్ బటన్‌ని మా రూమ్మేట్ "కుమ్మరి సారె" అంటాడు, నాకు నచ్చింది. ఒక్కటే షరతు: గీసిన ఆకారంలో ఏ భాగమూ ఇరుసు దాటి అవతలికి పోకూడదు. తాకొచ్చు, దాటకూడదు.

గీసేటప్పుడు ముందు ఆకారం, తర్వాత కొలతలు. గీతలన్నీ ఉజ్జాయింపుగా గీసేసి, "ఇది నిలువు, ఇది అడ్డం, ఈ చుక్క ఇరుసు మీద" లాంటివి ముందు పెట్టండి. వీటిని కన్‌స్ట్రెయింట్లు అంటారు, నేను కట్టుబాట్లు అంటా. మిల్లీమీటర్లు ఆఖర్లో. ఎందుకంటే లోపల జరిగేది సమీకరణాలు సాల్వ్ చేయడం. ఒక వృత్తానికి మూడు తెలియని సంఖ్యలు (కేంద్రానికి రెండు, వ్యాసార్థం ఒకటి), ఒక సరళరేఖకు నాలుగు. మీరు పెట్టే ప్రతి కట్టుబాటూ కొన్ని సమీకరణాలు ఇస్తుంది. తెలియనివి, సమీకరణాలు సరిపోతే ఫ్రీక్యాడ్‌లో స్కెచ్ పచ్చగా మారుతుంది. తక్కువైతే గీతలు మౌస్‌తో లాగితే కదులుతాయి. ఎక్కువైతే గొడవ పెడుతుంది. ఆటవెలది రాసేటప్పుడు గణాలు కుదిరినాయా, యతి పడిందా అని వేళ్ళు లెక్కపెట్టుకుంటాం కదా, అదే పని. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1963లో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే కట్టుబాట్లు ఉన్నాయి.

సాల్వర్ మీ గీతలు ఇప్పుడున్న చోటునుంచే వెతకడం మొదలుపెడుతుంది. మీరు రెండు మీటర్ల గీత గీసి దానికి 15 మి.మీ. అని చెప్తే, ఆకారం తిరగబడి సీతాకోకచిలుక అయిపోవచ్చు. అందుకే ముందు ఒక పెద్ద కొలత (ఇక్కడ అంచు వ్యాసార్థం 110) పెట్టి, మిగతా గీతల్ని దానికి తగ్గట్టు చేత్తో లాగి, అప్పుడు చిన్న కొలతలు పెట్టండి. అప్పటికీ తిరగబడితే కంగారొద్దు, అన్‌డూ చేసి తిరగబడిన మూలని దాని చోటుకు లాగి, మళ్ళీ అదే కొలత పెట్టండి.

ఇంకో తలనొప్పి: అంతా బాగానే కనపడుతుంది, సాలిడ్ మాత్రం రాదు. నూటికి తొంభై సార్లు రెండు గీతల కొనలు తాకినట్టు కనపడుతూ తాకకుండా ఉంటాయి. జూమ్ చేసి ఒక్కో మూలా వెతికే ఓపిక లేకపోతే స్కెచ్ మెనూలో వాలిడేట్ అని ఉంది, కలవని కొనల్ని అదే వెతికి కలుపుతుంది. లెక్చరర్లు దీన్నెందుకు మొదటి రోజే చెప్పరో నాకు అర్థం కాదు.

ఫిల్లెట్లు స్కెచ్‌లో పెట్టకండి, అన్నీ అయినాక ఆఖర్న పెట్టండి. స్కెచ్‌లో ప్రతి గుండ్రటి మూలా మరికొన్ని తెలియని సంఖ్యల్ని తెస్తుంది, తర్వాత ఏది మార్చాలన్నా అడ్డమే. జడ్డిగం అంచు 15 మి.మీ. కదా, చేతికి గీసుకోకుండా రెండు వైపులా గుండ్రంగా చేయాలి. రెండు వైపులా 7.5 ఇస్తే ఎర్రర్ వచ్చే అవకాశం ఎక్కువ. 7.5 రెండు కలిస్తే సరిగ్గా 15, మధ్యలో ఉన్న చదును పూర్తిగా మాయమవుతుంది, సున్నా వెడల్పున్న ముఖంతో లోపలి లెక్క తికమక పడుతుంది. 7.49 ఇవ్వండి, వెంటనే వస్తుంది. 0.02 మిల్లీమీటర్ చదును తాత ఉలికి ఎట్లాగూ కనపడదు.

ఇక రంధ్రాలు. అసలు విషయం ఇక్కడే ఉంది, కొంచెం నిదానంగా చూద్దాం.

నాలుగు రంధ్రాలు, ఒక వలయం మీద, ఒక్కోటీ బయటికి 15 డిగ్రీలు వాలి. వాలు రంధ్రం అనగానే చాలామంది వాలుగా ఒక డేటమ్ ప్లేన్ పెట్టి, దాని మీద స్కెచ్ వేసి, పాకెట్ కొడతారు. తప్పు కాదు, కానీ ఆ ప్లేన్‌ని సరైన చోట నిలబెట్టడానికే అరగంట పోతుంది. దానికన్నా సులువైన దారి ఉంది. గిన్నె గీసిన అదే నిలువు తలం మీద ఇంకో స్కెచ్ తెరవండి. రంధ్రం మధ్యగీతని 15 డిగ్రీల వాలుతో ఒక కన్‌స్ట్రక్షన్ గీతగా గీయండి. దానికి ఒక పక్కన సన్నటి ట్రపీజియం: పైన 15.5, కింద 16.5, అంటే 31, 33లలో సగాలు. ఈ ట్రపీజియాన్ని ఆ వాలుగీత చుట్టూ తిప్పి కోసేయండి. ఆ టూల్ పేరు గ్రూవ్, ఇరుసు అడిగినప్పుడు స్కెచ్‌లోని కన్‌స్ట్రక్షన్ గీతని చూపించండి. వాలు, టేపర్ రెండూ ఒకే దెబ్బకు వచ్చేస్తాయి. ట్రపీజియాన్ని పైన కింద ఐదేసి మిల్లీమీటర్లు చెక్క దాటి బయటికి పోనివ్వండి. సరిగ్గా అంచు దగ్గర ఆపితే, వాలు వల్ల ఒక మూలన గోరంత చెక్క పొర మిగిలిపోతుంది.

ఒక రంధ్రం చాలు. దాన్ని పోలార్ ప్యాటర్న్‌తో నిలువు ఇరుసు చుట్టూ నాలుగు చేయండి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది మెత్తటి ప్లాస్టిక్ పైపు కాబట్టే కుదిరింది, ఎటైనా వంగుతుంది. పాతకాలం వెదురు గొట్టాలైతే కుదరదు. వానాధారం వేరుశనగకు సాళ్ళ మధ్య 30 సెం.మీ. అనుకుంటే, నాలుగు పళ్ళు ఒకే వరసలో మధ్యనుంచి 15, 45 సెం.మీ. దూరాల్లో ఉంటాయి. జడ్డిగం 75 సెం.మీ. ఎత్తులో ఉంటే లోపలి గొట్టాలకు సుమారు 11 డిగ్రీల వాలు, బయటి వాటికి 31. అన్నిటికీ ఒకే వాలు ఇచ్చే ప్యాటర్న్ అక్కడ పనికిరాదు. రెండు రంధ్రాలు విడివిడిగా గీసి, అద్దంలో చూపినట్టు మిర్రర్ చేయాలి. స్క్రీన్ మీద రెండూ అందంగానే కనపడతాయి, తేడా తెలిసేది చేలోనే.

తర్వాత ప్రశ్న: వలయం ఎంత పెద్దది? పాతదాన్ని కొలిచి అదే అంకె వేయొచ్చు. కానీ రేపు ఎవరైనా ఆరు సాళ్ళ జడ్డిగం కావాలంటారు. నాలుగుని ఆరు చేస్తే రంధ్రాలు దగ్గరికొస్తాయి, మధ్యలో చెక్క పలచనై చీలుతుంది. అందుకని అంకె బదులు ఫార్ములా పెట్టండి. పక్కపక్క రంధ్రాల మధ్య కనీసం 20 మి.మీ. చెక్క ఉండాలనుకుంటే, కేంద్రాల మధ్య దూరం 33 + 20 = 53. వలయం వ్యాసం = 53 ÷ సైన్(180 ÷ రంధ్రాల సంఖ్య). నాలుగైతే 75, ఆరైతే 106. ఫ్రీక్యాడ్‌లోనే స్ప్రెడ్‌షీట్ ఉంది, ఒక్కో గడికి ఒక పేరు పెట్టి స్కెచ్‌లో అంకె బదులు ఆ పేరు రాయొచ్చు. గిన్నె అడుగు వ్యాసార్థాన్ని కూడా ఇదే ఫార్ములాకు కట్టేయండి: వలయంలో సగం, దానికి రంధ్రంలో సగం కలిపితే చాలు. అప్పుడు గోడ నేరుగా రంధ్రం అంచుకే దిగుతుంది, గింజలు ఆగడానికి పక్కన చదును మిగలదు.

స్ప్రెడ్‌షీట్‌లో సీఎస్ఈ వాళ్ళని పట్టుకునే విషయాలు రెండు. ఒకటి, సీ లాంగ్వేజ్‌లో సైన్‌కి రేడియన్లు ఇవ్వాలి, ఇక్కడ ఏ యూనిట్ రాయకపోతే డిగ్రీలు. రెండు, గడి పేరుగా ఎం, జీ, ఎస్ లాంటి ఒంటి అక్షరాలు ఒప్పుకోదు, అవి యూనిట్ల పేర్లు. మీకు ఎర్రర్ కూడా అర్థంకాని మాటల్లో వస్తుంది. పొడుగు పేర్లే పెట్టుకోండి.

గిన్నె మధ్యలో ఒక గుబ్బ ఉంటుంది, గింజ మధ్యలో నిలవకుండా నాలుగు పక్కలా పంచడానికి. దాని వాలు ఎంత ఉండాలి? గూగుల్ చేయకుండా ఒక అట్టముక్క మీద వేరుశనగ గింజలు పోసి ఒక కొన మెల్లగా ఎత్తినాం. 40 సెం.మీ. అట్ట, కొన 20 సెం.మీ. లేచేసరికి గింజలన్నీ జారిపోయినాయి. సైన్ విలువ 0.5, అంటే 30 డిగ్రీలు. చెక్క అట్టకన్నా గరుకు కాబట్టి 40 డిగ్రీలు పెట్టినాం. గుబ్బ అడుగు వ్యాసార్థం 22, ఎత్తు సుమారు 18.5 వచ్చింది. ఈ ప్రయోగం అయినాక గింజలు ఎవరు తిన్నారో చెప్పను.

ఇప్పుడు సీఎస్ఈ వాళ్ళకి బాగా నచ్చే రోగం ఒకటి. మీరు ఒక ముఖం మీద స్కెచ్ పెడితే సాఫ్ట్‌వేర్ లోపల "ఫేస్6 మీద" అని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత వెనక్కి పోయి గిన్నెకి ఒక మెట్టు కలిపినారనుకోండి, ముఖాల లెక్క మారి పాత ఆరోది ఏడోది అవుతుంది. మీ స్కెచ్ పోయి ఇంకో గోడకు అతుక్కుంటుంది. అర్రేలో ఐడీ బదులు ఇండెక్స్ దాచుకుని, మధ్యలో ఒక ఎలిమెంట్ ఇన్సర్ట్ చేస్తే ఏమవుతుందో అదే. దీని పేరు టోపొలాజికల్ నేమింగ్ సమస్య. 2024 నవంబరులో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0లో దీనికి చాలావరకు మందు వేసినారు. అయినా సరే, స్కెచ్‌ని వీలైనంతవరకు మూల తలాలకే కట్టండి, ముఖాలకు కట్టకండి. పైన రంధ్రాన్ని నిలువు తలం మీద గీయమన్నది ఇందుకే కూడా.

చెట్టులో ప్రతి ఫీచర్‌కీ పేరు పెట్టండి. "పాకెట్003" అని వదిలేస్తే నెల తర్వాత మీకే తెలియదు. ఫ్రీక్యాడ్ లేబుళ్ళు తెలుగులో కూడా తీసుకుంటుంది: గిన్నె, గుబ్బ, కంత, అంచు నునుపు. ఇది చూసి మా రూమ్మేట్ వాళ్ళ చిన్నాయన మొదటిసారి స్క్రీన్ దగ్గరకొచ్చి "అంచు ఇంగ కొంచెం మందం పెట్టు" అన్నాడు. పనిముట్ల భాగాల పేర్లు తెలియకపోతే మన లైబ్రరీలో భద్రిరాజు కృష్ణమూర్తి గారు సంపాదకత్వం వహించిన మాండలిక వృత్తి పదకోశం దొరుకుతుందేమో అడగండి. 1962లో వచ్చిన దాని మొదటి సంపుటం అంతా వ్యవసాయం మాటలే.

మొత్తం జడ్డిగాన్ని త్రీడీ ప్రింట్ చేయొచ్చు కదా అని అందరూ అడిగినారు. మామూలు ప్రింటర్ల బెడ్ 220 మి.మీ. చదరం, మన గిన్నె సరిగ్గా అంతే, అంచుకు చోటుండదు. ముక్కలు చేసి బోల్టులతో కలపొచ్చు. కానీ పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన ఎండలో రేకుల షెడ్డు కిందో, ట్రాక్టర్ మీదో పెట్టినది ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. పీఈటీజీ 80 దాకా ఓర్చుకుంటుంది. అయినా తుమ్మ చెక్క ముందు రెండూ దిగదుడుపే అని నా అభిప్రాయం. మేం ప్రింట్ చేసింది ఒక చిన్న దిమ్మ మాత్రమే: మధ్యలో అదే టేపర్ రంధ్రం, అంతే. పైపు అందులో బిగుస్తుందో లేదో చూడటానికి. ఏ పార్ట్‌కైనా అతికే చోటు మాత్రం కోసుకుని ముందు ప్రింట్ చేసి చూడండి, ఒక పూట ప్రింటింగూ, బోలెడు ప్లాస్టిక్కూ మిగులుతాయి.

తాతకి కావాల్సింది త్రీడీ కాదు, కాగితం. టెక్‌డ్రా వర్క్‌బెంచ్‌లో అడుగు వైపు బొమ్మని స్కేలు 1కి పెట్టి అసలు సైజులో తీసినాం. ఏ4 కాగితం వెడల్పు 210, కాబట్టి రెండు కాగితాలు అతికించాలి, లేదా ఏ3. జిరాక్స్ షాపులో "ఫిట్ టు పేజ్" తీసేయమని చెప్పండి, చెప్పినా నమ్మకండి. డ్రాయింగ్ పక్కన 100 మి.మీ. గీత ఒకటి వేసి, ప్రింట్ చేతికి రాగానే అక్కడే స్కేలుతో కొలవండి. అది 97 వచ్చిందంటే 75 వలయం 72.75 అయిపోయినట్టే. వాలు కోసం 15 డిగ్రీల అట్ట త్రిభుజం ఒకటి కత్తిరించిస్తే, బర్మా పక్కన నిలబెట్టుకుని చూసుకుంటాడు.

కొలతలు మిల్లీమీటర్లలో ఇస్తే ఆయనకు పనికిరావు. ఆయన లెక్క అంగుళాలు, నూళ్ళు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు, అంటే నూలు 3.175 మి.మీ. 75 అన్న వలయాన్ని మూడంగుళాలు చేసేస్తే 76.2, రంధ్రాల మధ్య చెక్క 20.9 మిగులుతుంది, అడిగినదానికన్నా కొంచెం ఎక్కువే. ఫ్రీక్యాడ్‌లో ఏ గడిలోనైనా మూడు అని కొట్టి పక్కన అంగుళం గుర్తు "ఇన్" కొడితే అదే మార్చుకుంటుంది, కాలిక్యులేటర్ అక్కర్లేదు. చేసేవాళ్ళ కొలతల్లోకి ముందే గుండ్రం చేసిస్తే వాళ్ళు తమకు తోచినట్టు గుండ్రం చేసే అవసరం రాదు. తాత కాగితాన్ని మైదాపిండితో చెక్కకు అంటించి, నాలుగు కేంద్రాల మీదా మేకుతో గుర్తు కొట్టి, రెండు రోజుల్లో ఇచ్చేసినాడు. వాన పడిన మూడో రోజుకు విత్తనం పడింది.

ఫైళ్ళ గురించి రెండు ముక్కలు. ఫ్రీక్యాడ్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు, అన్‌జిప్ చేస్తే లోపల ఎక్స్ఎంఎల్ కనపడుతుంది, సరదాగా చూడండి. ముఖ్యమైన ప్రతి మెట్టు దగ్గరా వేరే నంబరుతో సేవ్ చేసుకోండి. ఎవరికైనా పంపేటప్పుడు స్టెప్ ఫార్మాట్‌లో పంపండి, ఎస్‌టీఎల్‌లో వద్దు. ఎస్‌టీఎల్‌లో యూనిట్లు ఉండవు, అవతలి సాఫ్ట్‌వేర్ అంగుళాలనుకుంటే మీ జడ్డిగం 25.4 రెట్లు పెరిగి ఐదున్నర మీటర్ల గిన్నె అవుతుంది. ప్రింటింగ్‌కి ఎస్‌టీఎల్ తప్పనిసరైతే, వృత్తాలు పలకలుగా మారి రంధ్రాలు కొంచెం బిగుతుగా వస్తాయి, ఎక్స్‌పోర్ట్‌లో డీవియేషన్ తగ్గించుకోండి.

ఆరు సాళ్ళది కొర్రల కోసం అడుగుతున్నారు. స్ప్రెడ్‌షీట్‌లో 4 తీసి 6 పెడితే వలయం 106కి పోయింది, గోడ దానంతటదే నిలువైంది, గిన్నె తిరిగి గీసే పని లేకుండా వచ్చేసింది. కానీ కొర్ర గింజ వేరుశనగ కన్నా ఎన్నో రెట్లు చిన్నది, 31 మి.మీ. కంతలోంచి గుప్పెడు ఒక్కసారే పడిపోతుంది. రంధ్రం పైన ఇంకో సన్నటి మూతి కావాలి. ఆ కొలత ఎంతో తాతని అడగాలి, వచ్చే ఆదివారం పోతున్నాం.